మైకేల్ కాలిన్స్‌ను కూల్చిన తూటా ఎవలిది?

నూరేండ్లు దాటినా తెగని పంచాయితీ ఇది. 1922 ఆగస్టు 22 మాపటిజాము, ఐర్లండ్‌ల కార్క్ కౌంటీ బీల్ నా బ్లా దగ్గర బాట మీద మైకేల్ కాలిన్స్ కూలిపోయిండు. అప్పటికి ఆయనకు 31 ఏండ్లే. ఈ కథ యాదికొస్తే, ఎవలు సంపిండ్రు అన్నదానికన్నా, ఎందుకు తేల్చలేదు అన్నదే నా మనసును తొలుస్తది.

కాలిన్స్ కార్క్ రైతుబిడ్డ. 15 ఏండ్లకే లండన్ పోయి పోస్టాఫీసు బ్యాంకుల కొలువు చేసిండు. 1916 తిరుగుబాటుల కొట్లాడి జైలుకు పోయిండు. బయటికొచ్చినంక ఇంగ్లీషు సర్కారు ఆఫీసులల్లనే తన వేగుల్ని పెట్టుకున్నడు. 1921 డిసెంబర్‌ల లండన్ ఒప్పందం మీద సంతకం పెట్టిండు. రాజుకు విధేయత చెప్పుడు మస్తుమందికి మింగుడు పడలే. ముందుగాల దొరికింది తీసుకుందాం, మిగిలింది తర్వాత సాధిద్దాం అన్నది కాలిన్స్ లెక్క. పార్లమెంటుల 64 మంది అవునన్నరు, 57 మంది కాదన్నరు. నిన్నటిదాక ఒక్క కంచంల తిన్నోళ్లు ఒకలి మీద ఒకలు తుపాకులు ఎత్తిండ్రు.

ఆ రోజు పొద్దుగాల పోయిన బాటనే కాలిన్స్ మాపటికి తిరిగొచ్చిండు. కాపు కాసినోళ్లల్ల శానమంది అప్పటికే ఎల్లిపోయిండ్రు, కొద్దిమందే మిగిలిండ్రు. కాల్పులు మొదలుకాంగనే బండ్లు ఆపకుండ పోదామని పక్కనున్న డాల్టన్ అన్నడట. కాలిన్స్ ఆపించి, దిగి కొట్లాడిండు. సాయుధ కారు మీది మెషిన్‌గన్ మొరాయించింది. అరగంట పోరుల సచ్చింది ఆయనొక్కడే, తలకు తూటా తగిలి.

ఇగ అనుమానాలు మొదలైనయ్. శానమంది సన్నీ ఓనీల్ పేరు చెప్తరు. ఇంగ్లీషు సైన్యంల పనిచేసిన గురిగాడు ఆయన. మెషిన్‌గన్ పట్టిన మెక్‌పీక్ కొన్ని నెలలకే ఆ కారుతోని అవతలి పక్షంల కలిసిండు, గందుకే ఆయన మీదా మాట పడ్డది. డి వలేరా అప్పుడు ఆ దిక్కే ఉన్నడని ఇంకొందరు యాది చేస్తరు. రుజువు మాత్రం దేనికీ లేదు.

నా మటుకైతే అది బాట కాసినోళ్ల తూటానే అనిపిస్తది. కుట్ర కన్నా కన్నుమూసుకున్న సర్కారుదే పెద్ద తప్పు. సొంత సేనాపతి సస్తే సరైన విచారణ పెట్టలే. 1932ల సర్కారు మారే ముందు అంతర్యుద్ధం కాయిదాలు శాన కాలవెట్టిండ్రు. పగలు పెరగొద్దనే చేసిండ్రేమో. కానీ కాయిదం కాలితే అనుమానం కాలదు. నిజం చెప్పాల్సినోళ్లు చెప్పకుంటే, ఎవలికి తోచిన కథ వాళ్లు అల్లుకుంటరు. ఆఖరికి నింద మోసేది సచ్చినోడి దోస్తులూ, పగోళ్లూ, వాళ్ల పిల్లలే.