ఆలూరి చక్రపాణి: పఠితనుండి చిత్రరచయిత

అమెరికా చలనచిత్ర సంస్థలలో కథావిభాగమను శాఖ యొకటి యుండెడిది. వచ్చిపడిన నవలలను, నాటకములను, చిత్రరచనలను చదివి, కథాసారమును, తన యభిప్రాయమును వ్రాసి యిచ్చుట అందలి పఠితల పని. చిత్రరచన నేర్వగోరిన పలువురకు ఆ కొలువే బడియైనది. ఆలూరి చక్రపాణి అట్టి కొలువు చేయలేదు. అయినను పరుల రచనలను చదువుట, ఎన్నుట, తిరిగి మలచుట అను పనులలోనే ఆయన చిత్రరచన నేర్చెనని చెప్పవచ్చును.

ఆయన 1908 ఆగస్టు 5న తెనాలి చెంతనున్న ఐతానగరమున జన్మించెను. అసలు పేరు వేంకట సుబ్బారావు. హిందీ నేర్పిన వ్రజనందన వర్మ పెట్టిన పేరు చక్రపాణి. యౌవనమున క్షయ సోకగా 1932 ప్రాంతమున మదనపల్లె శానిటోరియమున చేరెను. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతకు ముందు ఆ వ్యాధి యనిన ప్రాణముపై ఆశ సగము వదలుకొనుటయే. ఆ మంచముపైననే, తోడి రోగియొకరి సాయమున, ఆయన బెంగాలీ నేర్చెను. పిమ్మట శరత్ నవలలను తెలుగు చేసెను. అవి ఎంతగా ఇంటివైపోయినవనగా, శరత్తును తెలుగువాడే యని తలచిన పాఠకులుండిరి. అనువాదకుడు చదివినంత నెమ్మదిగా మరెవ్వరును చదువరు. ఏ మాట కథను నడుపుచున్నది, ఏది ఊరక నిలిచియున్నది యనునది వానికి వాక్యవాక్యమునను తేల్చుకొనవలసిన ప్రశ్న.

తరువాతిది సంపాదకుని బల్ల. కొడవటిగంటి కుటుంబరావుతో కలసి తెనాలినుండి 'యువ' మాసపత్రికను నడిపెను. 1941లో పి. పుల్లయ్య 'ధర్మపత్ని'కి సంభాషణలు వ్రాసెను. ఆ కథయు ఖాండేకరుదే, తనది కాదు. 1945లో బి.ఎన్. రెడ్డి 'స్వర్గసీమ'కు రచన చేసెను. 1947 జూలైలో నాగిరెడ్డితో కలసి 'చందమామ'ను ఆరంభించెను. బాలురకై కథ లెన్నువాడు క్లిష్టతను సహింపడు. విజయా వారి చిత్రములలోని తేటదనమునకు ఈ బల్లయే మూలమని నా తలంపు.

1955 నాటి 'మిస్సమ్మ' ఇందుకు మేలైన దృష్టాంతము. రవీంద్రనాథ మైత్రా నాటకము 'మన్మయీ గర్ల్స్ స్కూల్' ఒక మూలము. శరదిందు బందోపాధ్యాయుని 'డిటెక్టివ్' మరియొకటి. ఉద్యోగమునకై భార్యాభర్తలుగా నటించు ఇరువురు నిరుద్యోగుల కథ మొదటిదానినుండి వచ్చినది. అది హాస్యమునకు చాలును గాని ముగింపునకు చాలదు. తప్పిపోయిన జమీందారు కూతురును వెదకు పరిశోధకుడు వచ్చి చేరగానే మేరీ యెవరను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నయే కథను చివరి దాక లాగుకొనిపోవును. ఒక గ్రంథము లోటును మరియొక గ్రంథముతో పూరింపవచ్చునని కనిపెట్టుట పఠిత నేర్పు. ఆ అతుకు కానరాకుండ చేయుట రచయిత నేర్పు.

'గుండమ్మ కథ' (1962) యందును ఇదియే పద్ధతి. విఠలాచార్య కన్నడ చిత్రము 'మనె తుంబిద హెణ్ణు' ఆధారముగా డి.వి. నరసరాజు వ్రాసిన ప్రతి యుండగా, చక్రపాణి కథను తిరుగదోడి, షేక్స్పియరు గయ్యాళి నాటకపు ఛాయను కొంత చేర్చెను. సంభాషణలు నరసరాజువే.

ఎరువు సొత్తుతో వర్తకము చేసెనను ఆక్షేపణ ఆయనపై రాదగినదే. దానికి సమాధానముగా చూపదగినది 1950 నాటి 'షావుకారు'. ఇరుగుపొరుగు కుటుంబముల నడుమ సాక్ష్యము గూర్చి పుట్టిన పంతము, ఊరిపెద్దల ఎత్తులు, విడిపోవు స్నేహము — ఇవి యే భాషనుండియు తెచ్చినవి కావు, కృష్ణాతీరపు పల్లెలో ఆయన యెరిగినవే. విమర్శకులు మెచ్చిరి గాని తరువాతి విజయా చిత్రములకు వచ్చినంత ధనము దానికి రాలేదు. మరుసటి యేట వచ్చిన 'పాతాళభైరవి' రచనను పింగళి నాగేంద్రరావు చేతిలో పెట్టి, తాను నిర్మాతగా ప్రక్కన నిలిచెను.

1975 సెప్టెంబరు 24న చక్రపాణి మరణించెను. 1952లో 'చందమామ'లో చేరిన కుటుంబరావు, 1980లో తాను మరణించువరకు ఆ బల్ల చెంతనే యుండి కథలను దిద్దుచుండెను.