క్లాడ్ బెర్నార్డు

ఫ్రాన్సుదేశమున ద్రాక్షతోటలకు పేరొందిన బోజొలె సీమలో, సెయింట్ జూలియన్ గ్రామమందు, 1813 జూలై 12వ తేదీన క్లాడ్ బెర్నార్డు జన్మించెను. తండ్రి ద్రాక్షసాగుతో జీవించువాడు. ఇల్లు గడచుట కష్టమై, కుమారుడు లియాన్ నగరమున ఒక ఔషధశాలలో పనికి కుదిరెను. అచట మందులు నూరుచునే నాటకములు వ్రాయుచుండెడివాడు. 1834లో తన చారిత్రక నాటకమును చేతబట్టి పారిస్ చేరగా, దానిని చదివిన విమర్శకుడు సెయింట్ మార్క్ జిరార్దిన్ వైద్యము నేర్చుకొమ్మని హితవు చెప్పెను. నాటకరంగమునకు కలిగిన నష్టమెంతో కాని, వైద్యశాస్త్రమునకు ఆ మాట మహోపకారమయ్యెను.

బెర్నార్డు మజాందీ అను ప్రసిద్ధాచార్యుని ప్రయోగశాలలో సహాయకుడయ్యెను. చక్కెరను నిర్మించు శక్తి వృక్షములకే కలదనియు, జంతువులు దానిని వ్యయపరచుట మాత్రమే ఎరుగుననియు నాటి పండితుల నిశ్చయము. అతడు కుక్కకు మాంసము మాత్రమే పెట్టి పరీక్షింపగా, కాలేయమునుండి వెడలు రక్తమున చక్కెర సమృద్ధిగా కనబడెను. ఇది 1848 నాటి మాట. 1855లో ఒక కాలేయపు నాళములగుండ నీరు పంపి, చక్కెర జాడ పోవువరకు కడిగి, ఊరక ఉంచెను. మరునాడు చూడగా అందు చక్కెర మరల చేరియుండెను! అది బయటినుండి వచ్చినది కాదు. లోననే ఏదియో నిల్వయున్నది. 1857లో ఆ ద్రవ్యమును వేరుచేసి గ్లైకోజెన్ అని పేరిడెను. భుజించినపుడు దాచి, పస్తున్నపుడు కొలతగా వెచ్చించు గృహిణివంటిది కాలేయము.

చర్మపు రక్తనాళములను నరములు ముడిచియు సడలించియు శరీరపు వేడిని సవరించుననియు అతడు గ్రహించెను. ఇట్టి పరిశోధనలనుండియే అతని మహాభావము రూపొందెను. చేపకు నీరెట్లో, మన జీవకణములకు రక్తాది ద్రవములట్లు. వెలుపల మంచు కురిసినను, ఎండ మండినను, ఈ అంతర పరిసరము నిలకడగా నుండును. కావుననే ప్రాణి స్వేచ్ఛగా సంచరింపగలుగుచున్నది. ఈ ఏర్పాటునకు 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ హోమియోస్టాసిస్ అను పేరొసగెను.

శరీరమున ఇంత సమత్వమును చూచినవానికి ఇంట అది కొరవడెను. 1845లో వివాహమాడిన భార్య తెచ్చిన కట్నమే పరిశోధనలకు ఆధారమయ్యెను. అయితే మూగజీవములను కోయుట ఆమె సహింపలేకపోయెను. ఆమె వేదన అకారణమని త్రోసివేయరాదు. మత్తుమందు వాడుక లేని దినములలోనే ఆ ప్రయోగములు మొదలైనవి. తుదకు దంపతులు విడిపోయిరి. కుమార్తెలు తల్లి పక్షమున నిలిచిరి.

ఆరోగ్యము చెడి స్వగ్రామమున విశ్రమించిన కాలమున ప్రయోగవైద్యముపై అతడు చేసిన రచన 1865లో వెలువడెను. 1878 ఫిబ్రవరి 10న పారిస్‌లో మరణింపగా, ప్రభుత్వము రాజలాంఛనములతో అంత్యక్రియలు జరిపెను. ఫ్రాన్సులో ఒక శాస్త్రజ్ఞునికి అట్టి గౌరవము దక్కుట అదియే ప్రథమము. నాడు జిరార్దిన్ చదివిన ఆ నాటకము 1887లో అచ్చయ్యెను.