ఇంజిను విప్పి చూసిన నాయుడు

మన సోమేనహళ్ళి వైపు పడవలు లేవు. పడవ వెనక తగిలించే మోటారును మన పిల్లలు బొమ్మల్లోనే చూస్తారు. ఆగిపోయిన పంపుసెట్టు ఇంజిను మాత్రం అందరికీ తెలుసు. రెంటిలోనూ ఉండేది సిలిండరు, పిస్టనే. ఆ లోపలి సంగతి చేతులతో నేర్చుకున్న తెలుగువారు జి.డి. నాయుడు.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం; మనకు వీధిలో కన్నడం ఉన్నట్టే. బడి ఆయనకు పట్టలేదు, చిన్న తరగతుల్లోనే మానేశారు. ఒక బ్రిటిష్ అధికారి మోటారు సైకిలు చూసి మనసు పడ్డారు. హోటల్లో సర్వరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్నాక ముక్క ముక్కగా విప్పి మళ్ళీ బిగించారు.

మాకు నచ్చేది ఈ ఘట్టమే. పాత ఇంజిను బాగవుతుందా, తూకానికి వేయాలా అన్నది పైపైన చూస్తే తేలదు. తాడు లాగితే బిగువు లేకుండా తిరిగిందంటే లోపల ఒత్తిడి నిలవడం లేదు. రింగులు అరిగి ఉండొచ్చు. అసలు తిరగకపోతే పట్టేసినట్టు. ప్లగ్గు నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిలు ఎక్కువవుతోందేమో చూడాలి. హెడ్డు విప్పి సిలిండరు గోడ మీద గోరు ఆడించాలి. గీత గోరుకు తగిలితే బోరింగు ఖర్చు తప్పదు. కనెక్టింగు రాడ్డు పైకీ కిందికీ లూజుగా ఆడితే బేరింగు పోయింది. ఇవేవీ లేకపోతే రింగులు మార్చి ఇంకా కొన్నేళ్ళు నడుపుకోవచ్చు.

1920లో నాయుడు పొళ్ళాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టారు, తానే నడిపారు. అదే పెరిగి పెద్ద బస్సుల సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలోనే విద్యుత్ మోటారు తయారు చేయించారు. మన బోరుబావుల మోటార్ల మీద కోయంబత్తూరు పేరు కనిపించడం వెనక ఆ రోజుల కృషి ఉంది.

1945లో ఆయన చొరవతో కోయంబత్తూరులో ఇంజినీరింగు కాలేజీ వచ్చింది. కోర్సు అన్నేళ్ళు సాగదీయనక్కరలేదని వాదించి, ప్రిన్సిపాలు పదవి వదులుకున్నారు. టీచర్లుగా మాకిది పూర్తిగా మింగుడుపడదు. ఆయన పేరు చెప్పి ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి గ్యారేజీకి పంపే తల్లిదండ్రులు ఒకటి గమనించాలి: ఆయన బడి మానారు గానీ చదవడం మానలేదు. జీవితమంతా పుస్తకాలు కొని చదివారు. అలాగని విప్పడం, బిగించడం ఇష్టపడే పిల్లవాణ్ణి మొద్దు అనే టీచర్లనూ మేము సమర్థించం.

ఆయన 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన సేకరించిన యంత్రాలు కోయంబత్తూరు ప్రదర్శనశాలలో ఉన్నాయి. విహారయాత్ర అటు వేసుకునే బడులు పిల్లలకు అవి చూపించవచ్చు.