పడవలో మామయ్య

పునీత రెండవ జాన్‌పాల్ పాపుగారి పటం మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. తెల్లని అంగీ, చేతిలో దండం, ఎదుట జనసముద్రం. 2005లో పరమపదించిన ఆ మహనీయుణ్ణి నిక్కరు తొడుక్కుని, తెడ్డు పట్టుకుని, కుర్రవాళ్ళతో నదిలో దిగిన మనిషిగా ఎన్నడైనా ఊహించారా?

1949లో కరోల్ వొయితీవా గురువులు పోలండులోని క్రాకో నగరంలో పునీత ఫ్లోరియన్ విచారణకు వచ్చారు. కాలేజీ విద్యార్థుల బాగోగులు ఆయనకు అప్పగించారు. అది కమ్యూనిస్టుల పాలన. తిరుసభ యువజన సంఘాలు మూతబడ్డాయి. గురువులు దేవాలయం వెలుపల యువకులను పోగుచేయకూడదు. అయినా ఆయన వాళ్ళతో కొండలెక్కారు. 1953 నుండి కయాక్ అనే సన్నని పడవల్లో నదులమీద తిరిగారు. అంగీ వేసుకోలేదు. ఫాదర్ అని పిలిస్తే ఎవరైనా వింటారు గనుక పిల్లలు ఆయనను వుయెక్ అనేవారు. అంటే మామయ్య. సంగతి బయటపడితే ఆయనకే కాదు, వాళ్ళకూ చిక్కే.

1954 నుండి లుబ్లిన్ కతోలిక విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రం బోధించారు. సెలవులొస్తే మళ్ళీ గుడారాలే. ఎవరూ పురమాయించిన పని కాదు. పడవను బోర్లిస్తే అదే బలిపీఠం, రెండు తెడ్లు కలిపి కడితే అదే సిలువ. ఆ ఒడ్డున దివ్యబలిపూజ అర్పించేవారు. తరువాత తన పడవలో రెండో చోట ఎవరో ఒకరిని కూర్చోబెట్టుకుని బయలుదేరేవారు. ప్రేమ, పెళ్ళి, ఉద్యోగం, పాపం, అన్నీ ఆ నీళ్ళమీదే మాటల్లోకి వచ్చేవి. ఆయన ఎక్కువగా వినేవారు. నిర్ణయం మాత్రం వాళ్ళకే విడిచిపెట్టేవారు.

ప్రేమ, బాధ్యత అనే పేరుతో 1960లో వెలువడిన ఆయన పుస్తకం రాతప్రతిని 1957 వేసవిలో ఈ బృందమే చర్చించింది. తత్వశాస్త్రం చదివిన మా బోటివాళ్ళకు ఇది అంత సులువుగా మింగుడుపడదు. పెళ్ళీడు పిల్లల ముందు ప్రొఫెసరు తన రాతను పరీక్షకు పెట్టడమా!

1958 వేసవిలో లీనా నదిమీద ఉండగా వార్సా రమ్మని కార్డినల్ విషీన్‌స్కీ గారి కబురు వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఆయనను క్రాకో సహాయ మేత్రాణులుగా నియమించారు. ఆయన అంగీకరించారు, వెంటనే తన పడవల దగ్గరికి తిరిగి వచ్చేశారు. ఇకపై తమరిని ఏమని పిలవాలని పిల్లలు బెరుకుగా అడిగితే, మామయ్య మామయ్యగానే ఉంటాడని తేల్చి చెప్పారు.