నీళ్ల తొట్టిలో అభ్రకం

మినీ ప్రాజెక్టు కోసం నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న చెక్కపని యూనిట్‌కి వెళ్లాను. రంపపు పొట్టును లాగే గొట్టం ఒకచోట వెడల్పవుతుంది. సరిగ్గా అక్కడే పొట్టు పేరుకుపోతోంది. ఉప్పల్‌లో మా రూముకొచ్చి సీఎఫ్‌డీలో మోడల్ చేసి, గాలి ఎలా పోతుందో యానిమేషన్ తయారుచేశా. రంగురంగుల కణాలు ఎక్కడా ఆగకుండా సాఫీగా వెళ్లిపోయాయి. చూడ్డానికి భలే ఉంది. యూనిట్‌లో పనిచేసే అన్న అది చూసి, మరి పొట్టు ఎందుకు ఆగుతుందో చెప్పమన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

వెతుకుతుంటే లుడ్విగ్ ప్రాంటిల్ దొరికాడు. హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్షలో ప్రాంటిల్ నంబర్‌గా మనందరికీ తెలిసినాయనే. 1875 ఫిబ్రవరి 4న జర్మనీలోని ఫ్రైజింగ్‌లో పుట్టాడు. తల్లి జబ్బు మనిషి కావడంతో ప్రొఫెసరైన తండ్రి దగ్గరే చనువెక్కువ. 1900లో మ్యూనిక్‌లో డాక్టరేట్ చేసింది ఘనపదార్థాల మెకానిక్స్‌లో, ద్రవాల్లో కాదు! తర్వాత న్యూరెంబర్గ్‌లో యంత్రాల ఫ్యాక్టరీలో చేరితే, అక్కడ అప్పజెప్పిన పని ఏంటో తెలుసా? పొట్టును లాగే గొట్టాలను బాగుచేయడం. ఇది చదివి నేను కుర్చీలోంచి లేచాను.

ఆయన కూడా గొట్టాన్ని ఒకచోట మెల్లగా వెడల్పు చేశాడు. లెక్క ప్రకారం అక్కడ పీడనం పెరగాలి. పెరగలేదు. గాలి గోడను వదిలేసింది. మెషీన్ మొత్తానికి బాగానే పనిచేసింది కాబట్టి ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ప్రాంటిల్ మాత్రం 1901లో హానోవర్‌లో ప్రొఫెసరైనా ఆ ప్రశ్నను వెంట తీసుకెళ్లాడు.

అక్కడ ఒక నీళ్ల తొట్టి కట్టించాడు. చేత్తో చక్రం తిప్పితే నీళ్లు తొట్టిలో గుండ్రంగా తిరుగుతుంటాయి. అందులో అభ్రకం లాంటి మెరిసే రేకుల పొడి చల్లి, అడ్డంగా ఒక వస్తువు పెట్టి ఫొటోలు తీశాడు. గోడను ఆనుకుని పలుచని పొర ఉంటుందని, గోడ మీద వేగం సున్నా అని, ఎదురు పీడనం తగిలితే ఆ నీరసపు పొర వెనక్కి తిరిగి సుడులుగా విడిపోతుందని చెప్పాడు. 1904లో హైడెల్‌బర్గ్ గణిత మహాసభలో చదివిన ఆ పత్రం ఎనిమిది పేజీలే. మనకు ఒక యూనిట్ మొత్తం సిలబస్ దాన్లోంచే వచ్చింది.

నా తప్పు కూడా అప్పుడే తెలిసింది. అభ్రకం నీళ్లలో అన్నిచోట్లకీ చేరుతుంది. నా యానిమేషన్‌లో కణాలు నేను వదిలిన చోటి నుంచే బయలుదేరతాయి. నేను వాటిని గొట్టం మధ్యలోనే వదిలాను. గోడ దగ్గర మెష్ కూడా ముతకే.

తర్వాత ప్రాంటిల్ గటింగెన్‌లో విండ్ టన్నెల్ కట్టాడు, గొప్ప శిష్యుల్ని తయారుచేశాడు. 1920ల్లో టీట్యెన్స్ అనే శిష్యుడితో కలిసి సుడులు పుట్టే తీరును సినిమా కెమెరాతో పట్టాడు. మన ఫ్లో యానిమేషన్లకు తాత ఆ రీళ్లే అని నా లెక్క. ఆ టీట్యెన్సే 1950ల మొదట్లో బెంగళూరు ఐఐఎస్‌సీలో ఏరోనాటిక్స్ విభాగాన్ని నడిపాడు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది సతీష్ ధావన్. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి పెట్టింది ఆయన పేరే.

మనిషిగా ప్రాంటిల్‌ని పూర్తిగా మెచ్చుకోలేకపోయాను. నాజీలు హైసెన్‌బర్గ్ మీద పడితే, 1938లో ఆయన తరఫున హిమ్లర్‌కే ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లోని జి.ఐ. టేలర్‌కి రాసిన ఉత్తరాల్లో హిట్లర్ ప్రభుత్వాన్ని సమర్థించాడు. యుద్ధకాలంలో గోరింగ్ వైమానిక శాఖ పరిశోధనకు పెద్దల్లో ఒకడిగా పనిచేశాడు. గోడ పక్కన ఏం జరుగుతుందో అంత బాగా చూసినాయన ఇది చూడలేదా, చూసీ ఊరుకున్నాడా అన్నది నాకు తెగలేదు. 1953 ఆగస్టు 15న గటింగెన్‌లో పోయాడు.

గోడ దగ్గర మెష్ సన్నం చేసి, కణాలను అక్కడ కూడా వదిలి మళ్లీ రన్ చేశా. వెడల్పు మొదలైన కాసేపటికే కొన్ని వెనక్కి తిరిగాయి. ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ నాచారం వెళ్తే, అన్న ఏమీ అనకుండా స్క్రీన్ మీద ఆ సుడి దగ్గర వేలు పెట్టి, తర్వాత గొట్టం మీద అదే చోట తట్టాడు. కోణం తగ్గించి ఇంకోసారి రన్ చేయాలి, ల్యాబ్‌లో సిస్టమ్ ఖాళీ దొరికితే.