ఓషధుల లెక్క తేల్చిన లీ షిజెన్

వైద్యునకు రోగి నాడి తెలిసినంతమాత్రమున చాలదు. తాను వ్రాసియిచ్చు మందు ఏదో, అంగడివాడు పొట్లము కట్టియిచ్చునది అదియో కాదో కూడ తెలియవలెను. ఈ యొక్క విషయమును పట్టుకొని 27 సంవత్సరములు పాటుపడిన మహనీయుడు 16వ శతాబ్దమున చీనాదేశమున నుండెను. ఆయన పేరు లీ షిజెన్.

1518వ సంవత్సరమున, నేటి హూబే రాష్ట్రములోని చీజౌ పట్టణమున ఆయన జన్మించెను. తాత గంట వాయించుకొనుచు ఊరూర తిరిగి మందులిచ్చిన వైద్యుడు. తండ్రి లీ యన్‌వెన్ ఆ ప్రాంతమున పేరుపడిన వైద్యుడు. అయినను ఆ దినములలో వైద్యవృత్తికి గౌరవము తక్కువగుటచే, కొడుకు రాజోద్యోగి కావలెనని తండ్రి కోరెను. తొలిపరీక్షలో 14వ యేటనే నెగ్గిన ఆ బాలుడు, వూచాంగ్ నగరమున జరుగు పెద్దపరీక్షకు మూడు పర్యాయములు వెళ్ళి మూడు పర్యాయములును తప్పెను. తరగతిలో వెనుకబడిన విద్యార్థులకు ఉపాధ్యాయులీ సంగతి చెప్పవచ్చును. పిమ్మట ఆయన తండ్రికడనే వైద్యము నేర్చుకొనెను.

వైద్యము చేయనారంభించిన కొలది, ఆయనకు పుస్తకములమీద అనుమానము పెరిగెను. చీనాలో ఓషధీగ్రంథములకు కొదువలేదు. షెన్‌నుంగ్ పేరిటనున్న ప్రాచీనగ్రంథమున 365 మందులు ఉత్తమ, మధ్యమ, అధమములను మూడు తెగలుగా నున్నవి. తరువాతివారు శతాబ్దముల తరబడి దానికి చేర్చుచు వచ్చిరి. చేర్చుటయే గాని, సరిచూచుట తక్కువ. ఒకే దుంప రెండు పేర్లతో రెండు చోట్ల కనబడును. వేర్వేరు మొక్కలు రెండు ఒకే పేరు క్రింద నణగియుండును. బలమునిచ్చు హువాంగ్‌జింగ్ మొక్కకును, ప్రాణముతీయు గౌవెన్ అను విషపుతీగకును పోలికలున్నవని ఒక పూర్వపండితుడు వ్రాసిపెట్టెను. ఆ మాట నమ్మి అడవికి పోయి త్రవ్వి తెచ్చుకొన్నవాని గతి యేమి?

పాదరసము సంగతి మరింత ఘోరము. దానిని చిరకాలము సేవించినవాడు అమరుడగునని పాతపుస్తకములు చెప్పెను. 1521 మొదలు 1567 వరకు రాజ్యమేలిన జియాజింగ్ చక్రవర్తియే అట్టి గుళికలకు ఆశపడెను. అవియే ఆయన ప్రాణము తీసెనని చరిత్రకారులు పలువురు తలచుచున్నారు. లీ షిజెన్ వూచాంగ్‌లోని చూ రాజవంశీయుల యింట వైద్యుడుగా నుండి, అచ్చటినుండి రాజధానిలోని రాజవైద్యశాలకు పంపబడెను గాని, అందు ఎక్కువకాలము నిలువలేదు. పాదరసము విషమనియు, అమృతమని మ్రింగి చచ్చినవారు లెక్కకు మిక్కిలియనియు ఆయన తన గ్రంథమున మొగమాటము లేక వ్రాసెను. ఏలికలు మెచ్చు మందును విషమనుటకు ఎంత గుండె కావలెనో చదువరులే యూహింతురు గాక.

1552లో ఆయన ఆ పనికి పూనుకొనెను. ఎనిమిదివందల గ్రంథములు చూచెను. వ్రాతప్రతిని మూడుమార్లు తిరుగవ్రాసెను. పుస్తకములతో తీరని సందేహములకు రైతులను, వేటకాండ్రను, బెస్తలను అడిగెను. చీజౌ ప్రాంతపు మచ్చలపాము పక్షవాతమునకు మంచి మందని ప్రతీతి. అంగడిలో ఆ పేరిట అమ్మునవి చాలవరకు యాంగ్‌ట్సీనది యావలి కొండలలో పట్టినవని ఆయన తేల్చి, అసలుదానికి ఇరుప్రక్కల 24 చదరపు గుర్తులుండునని ఆనవాలు వ్రాసెను. అలుగు చీమలను తినునని పూర్వులు వ్రాయగా, దాని కడుపు కోసి చూచి, అందు మానికెడు చీమలున్నవని కొలిచి చెప్పెను. మన్‌తువోలువో పూవును మద్యములో కలిపి తానే త్రాగి, సగము మత్తులో నున్నప్పుడు ఎదుటివాడు నవ్విన నవ్వు వచ్చుననియు, ఆడిన ఆట వచ్చుననియు పరీక్షించెను. ఈ మాట మనకు పరాయిది కాదు. బౌద్ధగ్రంథములతో ఆ దేశమునకు పోయిన మన సంస్కృతపు మందారవ శబ్దమే చీనావారి నోట అట్లయినది. మొక్క మాత్రము మందారము కాదు, ఉమ్మెత్త.

1578 నాటికి గ్రంథము ముగిసెను. దానిపేరు బెన్‌సావ్ గాంగ్‌మూ. 52 సంపుటములు, 1,892 మందులు, పదునొకండు వేలకు పైగా యోగములు. వీనిలో 1,518 పూర్వుల పుస్తకములలోనివి, 374 తాను చేర్చినవి. ఆయన పుట్టిన సంవత్సరమును 1518 యగుట కాకతాళీయము. పాతకాలపు మూడు తెగలను విడిచి, నీరు, నిప్పు, మన్ను మొదలుకొని లోహములు, ఓషధులు, ధాన్యములు, చెట్లు, జంతువులు, తుదకు మానవుడు వరకు 16 భాగములుగా మందులను అమర్చెను. ఒక్కొక్క మందుక్రింద దాని పర్యాయనామములు, పుట్టుచోటు, పూర్వుల పొరపాట్లు, శుద్ధిచేయు విధము, రుచి, గుణము, నయముచేయు రోగములు, తన యనుభవము, యోగములు వరుసగా నుండును. అవసరము లేనిచోట కొన్ని శీర్షికలు విడువబడినను వరుస మారదు. మూడు, నాలుగు సంపుటములలో రోగముల పేర్లు మొదలిడి, వానికి తగిన మందులు చూపెను. ఏ మందు ఏ మందుతో పొసగదో, గర్భిణులకు ఏవి కూడవో రెండవ సంపుటమున కలదు.

నేడు వైద్యులును, మందుల దుకాణమువారును కంప్యూటరు తెరపై ఒక మందు పేరు కొట్టి చూచునది ఇదియే గదా: వేరుపేర్లు, మోతాదు, గుణము, పొసగని మందులు, గర్భిణులకు హెచ్చరిక. సాధనము మారినది గాని, రోగి ఎదుట నిలిచియుండగా వెదకువాని తొందర మారలేదు. ఆయన గ్రంథమున దోషములు లేవనరాదు. పాతగుడ్డలకును, ఇంటి సామానులకును అందొక భాగము కలదు! పూర్వుల నమ్మకములను అన్నిటిని ఆయన వదలుకొనలేకపోయెను.

గ్రంథము ముగించుటకంటె అచ్చువేయించుట కష్టమయ్యెను. 1580లో ఆయన వ్రాతప్రతితో తైచాంగ్ వెళ్ళి, ప్రసిద్ధ పండితుడగు వాంగ్ షిజెన్‌ను పీఠిక యడిగెను. అది 1590లో గాని రాలేదు. అటుపిమ్మట నాన్‌కింగులో హూ చెంగ్‌లుంగ్ అను ప్రచురణకర్త కొయ్యఅచ్చులు చెక్కించెను. 1593లో లీ షిజెన్ కన్నుమూసెను. తన పుస్తకము లోకమున తిరుగుట ఆయన చూడలేదు. 1596లో కుమారుడు లీ జియన్‌యువాన్ ఆ గ్రంథమును వాన్‌లీ చక్రవర్తికి సమర్పించెను. చక్రవర్తి దానిని తనకడ నుంచుకొని, సంబంధించిన శాఖకు తెలుపుడని మాత్రము ఆజ్ఞాపించెను. రాజాస్థానము దానిని అచ్చువేయించలేదు.

వేయించినవారు ఇతరులు. 1603లో జియాంగ్‌సీలో మరల అచ్చయ్యెను. 1607 నాటికి జపానునకు చేరెను. 1735లో పారిసునగరమున కొన్ని భాగములు ఫ్రెంచిభాషలో వెలువడెను. 2011లో యునెస్కో ఆ గ్రంథమును ప్రపంచస్మృతి పట్టికలో చేర్చెను. నాన్‌కింగు తొలిముద్రణలో గ్రంథకర్త పేరుతోపాటు పాఠము సరిచూచిన కుమారుల పేర్లును, మనుమల పేర్లును గలవు. పదునొకండువందలకు పైబడిన బొమ్మలును ఆ యింటివారు గీసినవే.