ఇరుసు గుట్టు విప్పిన వోలర్

మొన్నామధ్య ఓ ఉదయం ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ కింద ట్రాఫిక్ అస్సలు కదల్లేదు. అమీర్‌పేట కోచింగ్‌కి వెళ్లే కుర్రాళ్లు ఆటోలు దిగి నడక మొదలెట్టారు. నేనూ దిగి ముందుకెళ్లి చూస్తే, ఓ పికప్ బండి రోడ్డు మధ్యలో ఆగిపోయి ఉంది. దాని వెనక ట్రైలర్ మీద పెద్ద జనరేటర్. పికప్ క్యాబిన్‌కీ, వెనక తొట్టికీ మధ్య నడుం విరిగినట్టు కుంగిపోయింది. డ్రైవర్ డివైడర్ మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

బండి గుంతలో పడలేదు. ఎవర్నీ గుద్దలేదు. మూడేళ్లుగా లాగుతున్న జనరేటరే, రోజూ తిరిగే రోడ్డే. మరి ఇవాళే ఎందుకు విరిగినట్టు? వెల్డింగ్ చేసే ఓ పెద్దాయన బండి కింద దూరి ఛాసిస్ చూశాడు. బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ, ఇనుము అలిసిపోయిందని తేల్చేశాడు.

మెకానికల్ బీటెక్‌లో నేను ఒక చాప్టర్ మొత్తం చదివిన విషయం ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. ఆ చాప్టర్ వెనకున్న మనిషి పేరు ఆగస్ట్ వోలర్. ఇంటర్ కెమిస్ట్రీలో యూరియా తయారుచేసిన వోలర్ కాదు, ఆయన ఫ్రెడరిక్. ఈయన రైల్వే ఇంజినీర్. ఇంటర్వ్యూల్లో ఎదురయ్యే ఎస్-ఎన్ కర్వ్‌కి మూలపురుషుడు.

డ్రైవింగ్ నేర్చుకున్న ఇంజినీర్

వోలర్ 1819 జూన్ 22న జర్మనీలోని సోల్టావ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. హానోవర్‌లోని సాంకేతిక విద్యాలయంలో చదువు పూర్తిచేసి, బెర్లిన్‌లో బోర్సిగ్ కంపెనీలో పనికి చేరాడు. రైలు ఇంజిన్లు తయారుచేసే ఫ్యాక్టరీ అది. అప్పటికి రైళ్లు కొత్త టెక్నాలజీ. ఇప్పుడు మన పిల్లలు ఏఐ వైపు పరిగెత్తినట్టే, అప్పటి కుర్రాళ్లు రైల్వేల వైపు పరిగెత్తారు.

డిగ్రీ ఉంది కదా అని టేబుల్ ముందే కూర్చోలేదు వోలర్. 1843లో బెల్జియం వెళ్లి ఇంజిన్ డ్రైవింగ్ నేర్చుకున్నాడు. బాయిలర్ వేడి, పట్టాల అదురు, బ్రేకు వేసినప్పుడు వచ్చే కుదుపు, ఇవన్నీ ఒంటికి తెలిశాయి. 1847లో 28 ఏళ్ల వయసుకే బెర్లిన్‌ను, నేటి పోలండ్‌లోని వ్రోత్స్‌వాఫ్ నగరాన్ని కలిపే రైల్వేలో యంత్రాల విభాగానికి ముఖ్య అధికారి అయ్యాడు. వ్యాగన్లు, ఇంజిన్లు, వర్క్‌షాప్ అన్నీ ఆయన బాధ్యతే.

ప్రాణాలు తీసిన పగులు

ఆ రోజుల్లో రైల్వేలన్నిటినీ వణికించిన సమస్య ఒకటుంది. ఇరుసులు చెప్పా పెట్టకుండా విరిగిపోయేవి. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలులో ఇంజిన్ ఇరుసు విరిగింది. బోగీలు ఒకదాని మీదికొకటి ఎక్కి మంటలు అంటుకున్నాయి. బోగీల తలుపులకు బయట్నుంచి తాళాలు వేసి ఉండటంతో లోపలివాళ్లు దూకలేకపోయారు. 50 మందికి పైగా చనిపోయారు. ప్రపంచం చుట్టి వచ్చిన నావికుడు డ్యుమోన్ డ్యూర్విల్ కుటుంబంతో సహా అందులోనే కాలిపోయాడు.

అందరినీ గందరగోళపెట్టింది ఏంటంటే, విరిగిన ఇరుసులు నాసిరకంవి కావు. అవి మోయాల్సిన బరువు, వాటి బలం కంటే చాలా తక్కువ. విరిగినచోట ఇనుము గరుకుగా, పలుకులు పలుకులుగా కనిపించేది. దాంతో వాడగా వాడగా ఇనుము స్వభావమే మారిపోయి స్ఫటికాలుగా తయారవుతుందని చాలామంది నమ్మారు. ఏడాది తిరక్కుండానే స్కాట్లండ్ ఇంజినీర్ రాంకిన్, పగులు ఇరుసు మందం మారే మూల దగ్గర మొదలై కొద్దికొద్దిగా లోపలికి పాకుతుందని చెప్పాడు. కానీ ఎంత లోడ్‌కి, ఎన్ని తిప్పులకు విరుగుతుందో లెక్క ఎవరి దగ్గరా లేదు.

ముందు కొలత, తర్వాతే వాదన

ప్రష్యా ప్రభుత్వం ఈ సమస్యను తేల్చే పని మొదలుపెట్టినప్పుడు వోలర్ చేసిన మొదటి పని సిద్ధాంతం రాయడం కాదు. నడుస్తున్న రైల్లో ఇరుసు నిజంగా ఎంత వంగుతోందో తెలుసుకోవాలనుకున్నాడు. అప్పటికి ఎలక్ట్రానిక్ సెన్సార్లు లేవు. ఒక మొనను, జింక్ రేకును వ్యాగన్ కింద అమర్చాడు. ఇరుసు వంగినప్పుడల్లా ఆ మొన రేకు మీద గీత గీసేది. ప్రయాణం అయ్యాక ఆ గీతల పొడవు కొలిచి, ఇరుసు మీద ఎంత ఒత్తిడి పడిందో లెక్కకట్టాడు. ఇవాళ కార్ల కంపెనీలు స్ట్రెయిన్ గేజ్‌లు అతికించి రోడ్డు మీద తీసే డేటాకి ఇది తాతలాంటిది.

తర్వాత ప్రయోగశాల పని. ఇరుసు తిరిగేటప్పుడు పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. అర తిప్పు అయ్యాక రెండూ తారుమారు. చక్రం తిరిగినంతసేపూ ఇదే. కాబట్టి ఇనుప కడ్డీకి ఓ పక్క బరువు పెట్టి, విరిగేదాకా తిప్పుతూ ఉండే యంత్రం తయారుచేశాడు. పదేళ్లకు పైగా ఈ పని మీదే ఉన్నాడు.

ఒక రకం ఇనుము మీద వచ్చిన ఫలితాలు చూడండి. అప్పటి ప్రష్యా కొలతల్లో ఒత్తిడి 320 ఉన్నప్పుడు కడ్డీ 56,430 తిప్పులకు విరిగింది. 240కి తగ్గిస్తే 9,09,810 తిప్పులు ఆగింది. అంటే ఒత్తిడి పావు వంతు తగ్గితే ఆయుష్షు 16 రెట్లు పెరిగింది! 200 దగ్గర 49 లక్షలు దాటింది. 160 దగ్గర 13 కోట్ల 22 లక్షల తిప్పులు తిప్పినా విరగలేదు. నిమిషానికి 70 తిప్పులు అనుకున్నా, రాత్రీపగలూ ఆపకుండా మూడున్నరేళ్లు పడుతుంది. ఆ ఓపికను ఒక్కసారి ఊహించుకోండి.

దీన్నుంచి తేలింది మూడు మాటల్లో చెప్పొచ్చు. ఒక్కసారికి విరగని బరువు, లక్షలసార్లు పడితే విరుగుతుంది. ఎంత పెద్ద బరువు అన్నదానికంటే, అది ఎంత మేర పెరుగుతూ తగ్గుతూ ఉందన్నదే ముఖ్యం. ఇనుముకీ ఉక్కుకీ ఒక హద్దు ఉంది, దాని కింద ఉంటే దాదాపు ఎన్ని తిప్పులైనా తట్టుకుంటాయి. ఆ హద్దునే మనం ఎండ్యూరెన్స్ లిమిట్ అంటున్నాం. పదునైన మూలలు ఆయుష్షును తగ్గిస్తాయని కూడా ఆయన ప్రయోగాలు చూపించాయి.

1867లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఈ ఫలితాలను ఉంచారు. 1870లో చివరి నివేదిక వచ్చింది. ఇక్కడ ఓ చిన్న ఇంటర్వ్యూ పాయింట్: వోలర్ ఇచ్చినవి పట్టికలే. వాటిని గ్రాఫ్‌గా గీసినవాళ్లు తర్వాతివాళ్లు. ఆ గ్రాఫ్‌కే ఆయన పేరు పెట్టారు.

1869లో రైల్వే వదిలి, బెర్లిన్‌లో రైల్వే సామగ్రి తయారుచేసే కంపెనీకి డైరెక్టర్‌గా వెళ్లాడు. 1874 నుంచి స్ట్రాస్‌బర్గ్‌లో మళ్లీ రైల్వే ఉద్యోగం. ఉక్కును అమ్మేవాడి మాట మీద కాకుండా పరీక్ష చేసి కొనాలని, అందుకు ప్రభుత్వ ల్యాబ్‌లు ఉండాలని పట్టుబట్టాడు. తయారీదారులకు ఇది రుచించలేదు. అయినా తగ్గలేదు. 1889లో రిటైరయ్యాడు. 1901లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1914 మార్చి 21న హానోవర్‌లో 94 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మళ్లీ ఎర్రగడ్డకి

ఇప్పుడు ఆ పికప్ సంగతి చూద్దాం. ట్రైలర్ హుక్ వెనక చక్రాలకు బాగా వెనక ఉంటుంది. అక్కడ పడే బరువు మీటలా పనిచేసి, క్యాబిన్ వెనక ఛాసిస్‌ను వంచుతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ ట్రైలర్ ముక్కు కిందికీ పైకీ ఊగుతుంది. ఛాసిస్ కూడా దాంతోపాటే వంగి లేస్తుంది. రోజుకి 500 కుదుపులు, ఏడాదికి 300 రోజులు అనుకుందాం. మూడేళ్లకు నాలుగున్నర లక్షలు. వోలర్ పట్టికలో కొన్ని కడ్డీలు విరిగింది ఇలాంటి లెక్కల దగ్గరే! ఛాసిస్‌లో బోల్టు కోసం వేసిన రంధ్రమో, ఎవరో అడ్డంగా వేసిన వెల్డింగో ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. వెంట్రుకంత పగులు, మట్టి కింద ఎవరికీ కనిపించదు. చివరి రోజు కుదుపు విరగ్గొట్టింది అనుకుంటాం గానీ, అది మూడేళ్లుగా విరుగుతూనే ఉంది.

మెకానికల్ ఫ్రెండ్స్, గేట్ సిలబస్‌లో ఫెటీగ్ స్ట్రెంగ్త్, ఎస్-ఎన్ డయాగ్రమ్ ఉన్నాయి. ఆటోమొబైల్, ఏరోస్పేస్, సీఏఈ ఉద్యోగాల్లో ఇది రోజువారీ పని. కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్ఎల్ లాంటి లోహ పరిశోధన సంస్థ మన ఊళ్లోనే ఉంది. ఎర్రగడ్డ పక్కనే సనత్‌నగర్‌లో ఒకప్పుడు ఆల్విన్ ఫ్యాక్టరీ బస్సు బాడీలు కట్టింది. ఫార్ములా బట్టీపట్టి వెళ్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాం. ఈసారి రోడ్డు పక్కన విరిగిన లీఫ్ స్ప్రింగో, తెగిన బోల్టో కనిపిస్తే చేతిలోకి తీసుకుని చూడండి. ఓ పక్క నునుపుగా, సముద్రపు గవ్వ మీది గీతల్లా ఉంటే అది నెమ్మదిగా పాకిన పగులు. మిగతా గరుకు భాగం చివరి క్షణంలో తెగింది. అది చూసి చెప్పగలిగితే ఎదుటివాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

ఆ రోజు సాయంత్రం తిరిగొస్తూ చూస్తే పెద్దాయన ఛాసిస్‌కి మందపాటి పట్టీ వెల్డింగ్ చేస్తున్నాడు. పట్టీ అంచు దగ్గర మళ్లీ పగిలే ప్రమాదం ఉందని, ఆ జనరేటర్‌కి పెద్ద బండి పెట్టుకోవడమే మంచిదని డ్రైవర్ అన్నకి చెప్పాను. ఆయన విన్నాడు. బండి ఈఎంఐ ఇంకా 14 నెలలు ఉందన్నాడు. తొట్టి చివర ఉన్న డీజిల్ డబ్బాలు, పనిముట్ల పెట్టె మాత్రం ముందుకి, క్యాబిన్ దగ్గరికి జరిపించాను. ఎంతో కొంత ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి కాస్త తగ్గినా ఆయుష్షు ఎన్ని రెట్లు పెరుగుతుందో వోలర్ నూటయాభై ఏళ్ల కిందే లెక్క రాసి పెట్టాడు కదా.